గురుగ్రహం గుమ్మంలో జూనో

పిల్లలూ!

ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే అలవాటు ఈ రోజుల్లో చాలా ఇళ్ళలో పోయింది. మీ ఇంట్లో ఇంకా ఉంటే మీరు అదృష్టవంతులు. లేకపోయినా ఫరవాలేదు, మబ్బు లేని రాత్రి ఒకసారి మేడ మీదికి వెళ్ళి ఆకాశం చూడండి. నక్షత్రాలన్నీ మిణుకు మిణుకుమంటూ ఉంటాయి. వాటి మధ్య తెల్లగా, నిండుగా, మిణుకుమనకుండా నిలకడగా వెలిగేది ఒకటి కనిపించవచ్చు. అది నడిరాత్రి నడినెత్తిన ఉన్నదంటే శుక్రుడు కాదు. శుక్రుడు సూర్యుణ్ణి వదిలి ఎంతో దూరం పోడు గనక, సాయంకాలం పడమటి దిక్కునో, తెల్లవారుజామున తూర్పు దిక్కునో మాత్రమే కనిపిస్తాడు. నడిరాత్రి అంత కాంతితో తెల్లగా వెలిగేవాడు గురుడు. బృహస్పతి అన్నా అతనే.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అక్కుపల్లి. తూర్పున సముద్రం, పడమట కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు, పనసచెట్లు. కొన్ని నెలల్లో సూర్యుడు పడమట కుంగే వేళకు గురుడు మా సముద్రంలోంచి పైకి వస్తాడు. నీళ్ళమీద సన్నని వెలుగుచార కూడా కనిపిస్తుంది. మీరు గురువారం అనే రోజును మా వైపు పెద్దవాళ్ళు లక్ష్మివారం అంటారు. వారం పేరు ఏదైనా, ఆ గ్రహంతో మన తెలుగువాళ్ళకు ఉన్న చుట్టరికం పాతది. ఎట్లాగంటారా? చెబుతాను.

పుష్కరాలు మీకు తెలుసుగదా! 2015లో గోదావరికి వచ్చాయి. 2016లో కృష్ణకు వచ్చాయి. గోదావరికి మళ్ళీ 2027లో. ఈ పన్నెండేళ్ళ లెక్క ఎక్కడినుంచి వచ్చింది? గురుడు సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావటానికి పట్టే కాలం అది. అందుకే పూర్వులు అతనికి పన్నెండు రాశులను పన్నెండు మజిలీలుగా ఏర్పరచి, ఒక్కొక్క మజిలీకి ఒక్కొక్క నదిని కేటాయించారు. సింహరాశిలో ప్రవేశిస్తే గోదావరికి, కన్యారాశిలో ప్రవేశిస్తే కృష్ణకు పుష్కరం. గట్టిగా లెక్కకడితే ఆ ప్రయాణం పన్నెండేళ్ళకు యాభై రోజులు తక్కువ. దూరదర్శిని లేని రోజుల్లో, ఉత్త కళ్ళతో చూసి, రాసిపెట్టుకుని, ఒక తరంవారు మరొక తరానికి అప్పగిస్తే తేలిన లెక్క ఇది. ఈ రాసిపెట్టుకోవటం అనే మాటను గుర్తుపెట్టుకోండి. దానితో తరవాత పని ఉంది.

గురుడు ఎంత పెద్దవాడో తెలుసా? మన భూగోళాలు పదకొండింటిని పక్కపక్కనే పేర్చితే గాని అతని అడ్డుకొలత రాదు. బోలుగా చేసి లోపల నింపితే పదమూడువందల భూగోళాలు పడతాయి. ఇంత భారీ మనిషి గదా, మెల్లగా తిరుగుతాడేమో అనుకుంటారు మీరు. కాదు! తన చుట్టూ తాను పది గంటలు నిండకుండానే ఒక చుట్టు తిరుగుతాడు. అక్కడ బడి ఉంటే, మీరు ఉదయం పుస్తకాలు సర్దుకుని వెళ్ళి, సాయంత్రం తిరిగి వచ్చేలోపల ఒక పగలూ ఒక రాత్రీ కూడా గడిచిపోతాయి. అయితే అక్కడ బడి కట్టడానికి నేల లేదు. పైన మబ్బులు, కింద వాయువు, ఇంకా కిందికి పోతే ఒత్తిడికి ద్రవంగా మారిన వాయువు. ఎక్కడా కాలు మోపే చోటు లేదు.

1610 జనవరిలో ఇటలీ దేశంలో గెలీలియో అనే పండితుడు తన చిన్న దూరదర్శినిని గురుడివైపు తిప్పాడు. పక్కనే చుక్కలు కనిపించాయి. మర్నాడు చూస్తే అవి స్థలం మారాయి. ఇంకొకడైతే కళ్ళు చెదిరాయనుకుని ఊరుకునేవాడు. గెలీలియో ప్రతి రాత్రీ ఆ చుక్కలు ఎక్కడ ఉన్నదీ కాగితం మీద గీసిపెట్టాడు. కొద్ది రోజులకే సంగతి బయటపడింది. అవి గురుడి చుట్టూ తిరిగే నాలుగు చందమామలు! ఆకాశంలో ఉన్నదంతా భూమి చుట్టూనే తిరుగుతుందన్న పాత నమ్మకానికి ఆ కాగితాలు పెద్ద దెబ్బ కొట్టాయి.

తరవాత మూడువందల అరవై ఏళ్ళకు మనిషి పంపిన యంత్రాలు అక్కడికి చేరుకోవటం మొదలుపెట్టాయి. 1973 డిసెంబరులో అమెరికావారి పయనీర్-10 మొదటిసారి గురుడి పక్కగా పోయింది. 1979లో వాయేజరు నౌకలు రెండు పోయాయి. వాటిలో రెండోది గురుడి దగ్గరికి చేరింది ఆ ఏడు జులై 9న. ఆ రోజుల్లో నేను కాలేజీ కుర్రవాణ్ణి. మన ఊళ్ళలో ఎవరికీ ఆ సంగతి పట్టలేదు. ఎందుకంటే స్కైలాబ్ అనే అమెరికావారి ఆకాశశాల కూలి మన నెత్తిన పడబోతున్నదని తెలుగుదేశమంతా హడలిపోయి ఉంది. రేపు ఉంటామో ఉండమో అని కోళ్ళు కోసుకుని తిన్నవాళ్ళు కూడా ఉన్నారు. జులై 11న ఆ స్కైలాబ్ ఎక్కడో హిందూమహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ పడింది. మనం భయంతో పైకి చూస్తున్న ఆ వారంలోనే, వాయేజరు ఎంతో అందమైన ఫొటోలు తీసి పంపింది! భయంతో చూసే కన్నుకూ, తెలుసుకోవాలని చూసే కన్నుకూ ఎంత తేడా ఉన్నదో చూశారా?

పక్కగా పోవటం వేరు, ఆగి చుట్టూ తిరగటం వేరు. మొదటిసారి గురుడి చుట్టూ తిరిగినది గెలీలియో పేరు పెట్టిన నౌక, 1995 డిసెంబరులో. రెండోది జూనో. నేను మీకు చెప్పబోయేది ఈ జూనో కథ.

రోమను దేశపు పురాణాల్లో జూపిటరు దేవతల రాజు. జూనో అతని భార్య. అతను తన చేష్టలు కనిపించకుండా చుట్టూ మబ్బులు కప్పుకుంటే, ఆమె ఆ మబ్బుల్లోంచి కూడా చూడగలిగిందట. గురుగ్రహం మబ్బుల కింద ఏమున్నదో చూడటానికే పోతున్న నౌక గనక ఆ పేరు పెట్టారు. 2011 ఆగస్టు 5న అమెరికాలోని ఫ్లోరిడా తీరం నుంచి అది బయలుదేరింది. తిన్నగా పోలేదు. రెండేళ్ళు తిరిగి, 2013 అక్టోబరులో మళ్ళీ భూమి దగ్గరికే వచ్చి, భూమి ఆకర్షణతో వేగం పెంచుకుని అప్పుడు పోయింది. ఒడిసెల తిప్పి రాయి విసరటం మీరు చూసే ఉంటారు. ఇదీ అట్లాంటిదే. అది మొత్తం నడిచిన దారి సుమారు 280 కోట్ల కిలోమీటర్లు, పట్టిన కాలం దాదాపు అయిదేళ్ళు.

దానికి మూడు పెద్ద రెక్కలు. ఒక్కొక్కటి దాదాపు తొమ్మిది మీటర్ల పొడవు. అవి ఎగరటానికి కాదు, ఎండనుంచి విద్యుత్తు తీయటానికి. గురుడి దగ్గర ఎండ మన ఎండలో సుమారు ఇరవై అయిదోవంతు. అందుచేత అంత పెద్ద రెక్కలు ఉన్నా వచ్చే విద్యుత్తు అక్కడ అయిదువందల వాట్ల పాటిది. మీ తరగతి గదిలో తిరిగే ఫ్యాన్లు ఆరో ఏడో తిప్పవచ్చు, అంతే. గురుడి చుట్టూ ప్రమాదకరమైన వికిరణం ఉన్నది గనక నౌక మెదడును టైటానియం అనే లోహంతో చేసిన పెట్టెలో దాచారు. ఆ పెట్టె గోడలు సెంటీమీటరు మందం. ఇంకొక తమాషా చెప్పనా? ఆ నౌకలో ముగ్గురు చిన్న బొమ్మ ప్రయాణికులు ఉన్నారు. మీరు ఆడుకునే లెగో బొమ్మలలాంటివే, అల్యూమినియంతో చేసినవి. ఒకరు జూపిటరు, ఒకరు భూతద్దం పట్టుకున్న జూనో, మూడోవాడు దూరదర్శిని పట్టుకున్న గెలీలియో!

2016 జులై 5 మంగళవారం. నేను అప్పుడు ఉద్దానంలో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి. ఆ ఉదయం జూనో గురుడి గుమ్మంలో అడుగుపెడుతుందని పత్రికల్లో చదివాను. అమెరికాలో అప్పటికి ఇంకా జులై 4 రాత్రి, వారి స్వాతంత్ర్య దినం. మన గడియారంలో అయితే సరిగ్గా బడివేళ. ఇంత మంచి ముహూర్తం మళ్ళీ వస్తుందా! ఎనిమిదిన్నరకల్లా రాగలిగినవాళ్ళు రండర్రా అని ముందునాడే పిల్లలకు చెప్పాను. నలభైమంది దాకా వచ్చారు. మా కంప్యూటరు గదిలో ఒక తెర. సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఇంటర్నెట్టు సంగతి మీకు తెలియనిది కాదు. బొమ్మ కదిలేది, ఆగేది, మళ్ళీ కదిలేది.

2014 సెప్టెంబరులో మన మంగళయానం అంగారకుణ్ణి చేరినప్పుడు వాళ్ళలో పెద్దపిల్లలు టీవీలో చూసి ఉన్నారు. మన తెలుగునేల శ్రీహరికోటనుంచి ఎగిరిన నౌక గనక ఆ రోజు అందరికీ ఒకటే సంబరం. అప్పటి లాగానే ఇప్పుడు కూడా నౌకకు బ్రేకు వెయ్యాలని చెప్పాను. ఎందుకో వాళ్ళకు సులభంగానే బోధపడింది. అందులో సగంమంది మత్స్యకారుల పిల్లలు. మా తీరంలో రేవు లేదు. వేటనుంచి వచ్చే పడవ అలలను దాటుకుని ఇసుకమీదికే రావాలి. అల వీపుమీద వచ్చే పడవను ఎక్కడ అదుపు చెయ్యాలో నడిపేవాడికి తెలియాలి. ముందైనా ముప్పే, వెనకైనా ముప్పే. జూనోను గురుడు తన ఆకర్షణతో లాగేస్తున్నాడు. గంటకు రెండు లక్షల కిలోమీటర్లకు పైగా వేగం. ఆ వేగంతోనే పోతే గురుణ్ణి దాటి శూన్యంలోకి వెళ్ళిపోతుంది, ఇక తిరిగి రాదు. అందుకని ముప్పై అయిదు నిమిషాలపాటు ఇంజను మండించి, సెకనుకు అరకిలోమీటరు పైచిలుకు వేగం తగ్గించాలి. అప్పుడు గురుడి చేతికి చిక్కుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ రోజు గురుడు మనకు 86 కోట్ల 90 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. రేడియో కబురు కాంతి వేగంతోనే పోతుంది. అయినా అంత దూరం రావటానికి నలభై ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఇంజను మండటం మొదలైందని మన గడియారంలో 8 గంటల 48 నిమిషాలకు కబురు వచ్చింది. అంటే నిజంగా మొదలైనది ఎనిమిది గంటలకు! ఎనిమిదీ ముప్పై అయిదుకు ముగిసింది కూడా. మా పిల్లలు కంప్యూటరు గదిలో బెంచీలు సర్దుకునే వేళకే అక్కడ గెలుపో ఓటమో తేలిపోయింది. మనకు తెలియదు, అంతే. మా ఊళ్ళనుంచి గుజరాతులో వేరావలుకు వేటకు వెళ్ళినవాళ్ళు పూర్వం ఉత్తరాలు రాసేవారు. జ్వరంగా ఉందని రాసిన ఉత్తరం ఇంటికి చేరేసరికి ఆ జ్వరం తగ్గిపోయి ఉండేది. ఇంట్లో మాత్రం ఆ రోజునుంచి దిగులు మొదలయ్యేది. ఇదీ అంతే అని చెప్పాను.

అందుకే ఆ నౌకను ఇక్కడినుంచి ఎవరూ నడపలేరు. ఏదైనా తప్పు జరిగి, మనకు తెలిసి, దిద్దుబాటు చెప్పి పంపితే అది చేరేసరికి గంటన్నర దాటిపోతుంది. చెయ్యవలసినదంతా ముందే నేర్పి పంపాలి. అవసరమైన వేళ పక్కన ఎవరూ ఉండరు. ఉపాధ్యాయుడికి ఈ మాట తక్కిన వాళ్ళకంటె బాగా అర్థమవుతుంది.

బ్రేకు వేసేటప్పుడు జూనో తన పెద్ద ఏంటెనాను భూమివైపునుంచి పక్కకు తిప్పవలసి వచ్చింది. కెమెరాలు ముందే ఆపివేశారు. బొమ్మలు లేవు, అంకెలు లేవు. స్వరాలు మాత్రమే పంపింది. ఫలానా స్వరం వస్తే ఇంజను మండుతున్నదని అర్థం, ఫలానాది వస్తే ఆగిందని అర్థం. అమెరికాలో శాస్త్రజ్ఞులందరూ కుర్చీలలో ముందుకు వంగి కూర్చున్నారు. మా గదిలోనూ ఎవరూ మాట్లాడటం లేదు.

ఆ నిశ్శబ్దంలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి నిలబడింది.

“మేష్టారూ! అన్ని కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నదాని కడుపులో ఏటుందో చూడ్డానికి ఓడ పంపినారు. మా నాన్న తాగిన నీళ్ళలో ఏటుందో ఎవులూ సెప్పలేకపోతన్నారు. ఎందుకండీ?” అన్నది.

పిల్లలూ, మీలో ఉద్దానం వాళ్ళకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. మిగిలినవారికోసం చెబుతాను. మా ప్రాంతంలో ఎన్నో ఏళ్ళుగా మూత్రపిండాల జబ్బు ఉంది. పొలంలో కష్టపడి పనిచేసే నడివయసు మనుషులు, ఏ నొప్పీ తెలియకుండానే నీరసించిపోతారు. పరీక్ష చేయిస్తే మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి. చక్కెర జబ్బు గాని, రక్తపోటు గాని లేనివారికి కూడా వస్తున్నది. ఆ అమ్మాయి తండ్రి జీడితోటలో కూలిపని చేసేవాడు. అప్పటికి ఆయన్ని వారానికి రెండుసార్లు డయాలిసిస్ కోసం పట్నం తీసుకువెళుతున్నారు. మిగిలిన పిల్లలందరూ తెరమీదినుంచి కళ్ళు తిప్పి నావైపు చూశారు.

కూర్చో అమ్మా అని చెప్పి తప్పించుకోదగిన ప్రశ్న కాదు అది. జూనోకు అయిన ఖర్చు సుమారు 110 కోట్ల డాలర్లు. అది అమెరికావారి సొమ్ము, మన ఆసుపత్రికి వచ్చేది కాదు. ఆ జవాబు నిజమే గాని, ఆ పిల్లకు అది జవాబు కాదు. అందుచేత నాకు తెలిసినంతలో ఇట్లా చెప్పాను.

“అమ్మా, దూరంగా ఉన్నదల్లా కష్టమనీ, దగ్గిర ఉన్నదల్లా సులభమనీ అనుకోకూడదు. గురుడు ఎంత పెద్దవాడైనా, అతని ఆకర్షణ ఒకే ఒక సూత్రానికి లోబడి ఉంటుంది. ఆ సూత్రాన్ని న్యూటను మూడువందల ఏళ్ళ కిందటే చెప్పాడు. అందుకే అయిదేళ్ళ తరవాత జరగబోయేదాన్ని ముందే లెక్క కట్టగలిగారు. మీ నాన్న జబ్బు అట్లా కాదు. తాగే నీళ్ళు, నేలలోని ఖనిజాలు, చల్లే మందులు, ఎండలో పని, చెమట, ఒళ్ళునొప్పులకు మింగే మాత్రలు, పుట్టుకతో వచ్చే గుణాలు, వీటిలో ఏది కారణమో, ఎన్ని కలిసి కారణమో తేల్చాలి. ఒకే నుయ్యి నీళ్ళు తాగిన అన్నదమ్ముల్లో ఒకడికి వస్తుంది, ఒకడికి రాదు. ఇది గురుడికంటె చిక్కు లెక్క.”

“అయితే తేలదా మేష్టారూ?” అన్నది.

“తేలాలంటే ఒకటి కావాలి. గురుడి సంగతి నాలుగువందల ఏళ్ళుగా ఎవరో ఒకరు రాసిపెడుతూ వచ్చారు. మన నూతుల సంగతి అట్లా ఎవరు రాసిపెట్టారు? ఏ ఇంట్లో ఎవరు ఏ నీళ్ళు తాగారు, ఎన్నాళ్ళు తాగారు, ఎప్పుడు జబ్బు పడ్డారు? వైద్యులు వస్తున్నారు, నీళ్ళూ నెత్తురూ పరీక్షకు పట్టుకెళుతున్నారు. వాళ్ళకు ఆ లెక్క ఎవరో ఒకరు చెప్పాలిగదా!”

ఆ పిల్ల ఇంకేమీ అనలేదు. ఇంతలో తెరమీద చప్పట్లు వినిపించాయి. సమయం తొమ్మిది గంటల ఇరవై మూడు నిమిషాలు. ఇంజను ఆగినట్లు స్వరం వచ్చింది. అనుకున్న కాలానికి ఒక్క సెకను తేడాతో ఆగింది! అమెరికాలో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు పిల్లల్లాగా గెంతుతున్నారు. మా పిల్లలూ బెంచీల మీద చరిచారు. ఆ అమ్మాయి కూడా చరిచింది.

జూనో గురుణ్ణి సమీపిస్తూ జూన్ నెలలో తీసిన చిన్న చలనచిత్రాన్ని కూడా శాస్త్రజ్ఞులు ఆ వేళే చూపించారు. మధ్యలో వెలిగే గురుడు, చుట్టూ తిరుగుతున్న నాలుగు చందమామలు. గెలీలియో ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క చుక్కగా కాగితంమీద గీసినదాన్ని మనిషి కదులుతూ ఉండగా చూడటం అదే మొదటిసారి.

ఇక జూనో ఏమి తెలుసుకున్నదో వినండి. పనసకాయ పండిందో లేదో మా ఉద్దానంలో కొయ్యకుండానే చెబుతారు. వేలితో తట్టి, చెవి ఒగ్గి వింటారు. జూనో చేసింది అట్లాంటి పనే. అది గురుడి మబ్బులకు కొద్ది వేల కిలోమీటర్ల పైనుంచి దూసుకుపోయేటప్పుడు, లోపల బరువు ఎక్కువ ఉన్నచోట కొంచెం వేగంగానూ, తక్కువ ఉన్నచోట కొంచెం నెమ్మదిగానూ కదులుతుంది. ఆ మార్పు బహు స్వల్పం. అయినా జూనో పంపే రేడియో కబురులో ఆ తేడా తెలుస్తుంది. రైలు మనవైపు వస్తున్నప్పుడు కూత హెచ్చుగానూ, దాటిపోయాక తగ్గుగానూ వినిపించదూ? అదే సూత్రం. ఈ విధంగా తేలినదేమంటే, గురుడి నడుమ గట్టి టెంకలాంటిది ఉంటుందని చాలామంది అనుకున్నారు. అట్లాంటి టెంక లేదు. మధ్యభాగంలోని బరువైన పదార్థం పైవాటితో కలిసిపోయి, గ్రహం లోపల చాలా దూరం వరకు విస్తరించి ఉంది. మామిడిపండు అనుకున్నది పనసపండు అయింది!

ఇంకొక వింత, తుఫానులు. గురుడి ఉత్తరధ్రువంమీద నడుమ ఒక తుఫాను, దాని చుట్టూ ఎనిమిది తుఫానులు తిరగలిరాళ్ళలాగా తిరుగుతున్నాయి. ఒక్కొక్కటి మన దేశమంతటికంటె పెద్దది. తుఫాను అంటే మా ఊరివాళ్ళకు పాఠం చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారి చూస్తే తాతలు పెట్టిన కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడుకుని ఉన్నాయి. జీడితోటలు వేళ్ళతో లేచాయి. అయినా ఆ తుఫాను నేలమీదికి వచ్చాక త్వరలోనే చచ్చిపోయింది. ఎందుకు? తుఫానుకు బలం సముద్రంలోని వెచ్చని నీరు. నేలమీద ఆ తిండి దొరకదు, పైగా కొండలూ చెట్లూ అడ్డుపడతాయి. గురుడిలో అడ్డుపడటానికి నేలే లేదు. అందుచేత అక్కడి తుఫానులకు ఆయువు ఎక్కువ. అక్కడి పెద్ద ఎర్రమచ్చ అనే తుఫానును నూట యాభై ఏళ్ళకు పైగా చూస్తూనే ఉన్నారు.

మీ నాన్నగారు ఈ పేజీ చదువుతూ, ఇదంతా తెలిసి మనకేమిటి లాభం అని అడగవచ్చు. అడగవలసిన మాటే. జూనో వచ్చిన ఆ ఏడాదే సెప్టెంబరులో శ్రీహరికోటనుంచి మన ఇన్సాట్-3డీఆర్ ఉపగ్రహం ఎగిరింది. బంగాళాఖాతంలో పుట్టే తుఫానులను పైనుంచి కనిపెట్టే కళ్ళలో అది ఒకటి. తిత్లీ వస్తున్నదని మాకు ముందే తెలిసింది. చెట్లను తీసుకుపోయి దాచలేకపోయాం గాని, ఒడ్డున ఉన్నవాళ్ళు పిల్లలను ఎత్తుకుని బయటపడగలిగారు. ఆకాశంలోకి పోయే విద్య ఒక్కటే, అది గురుడివైపు తిరిగితే జూనో, మనవైపు తిరిగితే ఇన్సాట్.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు గదూ! వారం రోజుల తరవాత ఒక నోటుబుక్కు తెచ్చి నా బల్లమీద పెట్టింది. పేజీకి ఒక ఇల్లు. ఇంట్లో ఎందరు, వయసెంత, ఏమి పని చేస్తారు, ఏ నుయ్యి నీళ్ళు, ఏ బోరు నీళ్ళు, ఎన్నేళ్ళుగా, ఎవరికైనా జబ్బు ఉన్నదా, ఎప్పుడు తెలిసింది. తన వీధిలో ముప్పైరెండు ఇళ్ళు రాసింది. మొదటి పేజీ వాళ్ళ ఇల్లే. తరవాత ఆమెతో మరి నలుగురు చేరి ఊళ్ళో ఇంకొన్ని వీధులు రాశారు. వైద్యులు వచ్చినప్పుడు ఒకాయన ఆ పుస్తకాన్ని చాలాసేపు తిరగేసి, పేజీలన్నిటికీ ఫొటోలు తీసుకువెళ్ళాడు.

మూడేళ్ళకు ఆమె తండ్రి కాలంచేశాడు. ఆ తరవాత 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయంనుంచి ఉద్దానానికి గొట్టాలలో మంచినీళ్ళు తెచ్చే పథకం కూడా అదే నెలలో ప్రారంభమయింది. జబ్బుకు ఇదీ కారణం అని ఒక్కమాటలో చెప్పే జవాబు మాత్రం ఇంకా రాలేదు. పరిశోధనలు సాగుతున్నాయి. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేస్తున్నది. నెత్తురు నమూనాలు పరీక్షించి అంకెలు రాయటం ఆమె ఉద్యోగం. ఆ మధ్య కనిపిస్తే, “మేష్టారూ, అంకె తప్పు పడితే రోగికి తప్పు మందు పడతాది, అందుకని రెండుసార్లు సూసి రాస్తాను” అన్నది.

పిల్లలూ, మీకు ఒక పని చెబుతాను. తెలిసినవారి దగ్గర బైనాక్యులర్లు దొరికితే అడిగి తెచ్చుకోండి. గురుడు కనిపించే రోజుల్లో చేతులు కదలకుండా గోడకు ఆనించి చూడండి. గురుడి పక్కన ఒకే వరసలో రెండో, మూడో, నాలుగో చిన్న చుక్కలు కనిపిస్తాయి. నోటుబుక్కులో నడుమ ఒక గుండ్రం గీసి, చుక్కలు ఎటు ఎన్ని ఉన్నవో పెట్టండి. కింద తేదీ, వేళ రాయండి. అట్లా పది రాత్రులు చెయ్యండి. మబ్బు పట్టిన రాత్రి మబ్బు పట్టింది అని రాయండి, ఊహించి చుక్కలు పెట్టకండి.

పది రాత్రులు అయ్యాక ఆ పుస్తకంలో ఇంకా ఖాళీ కాగితాలు మిగులుతాయి. మీ ఊళ్ళో ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న ఏదో ఒకటి ఉండకపోదు. చెరువు ఎందుకు ముందే ఎండిపోతున్నది? పిచ్చుకలు ఎప్పటినుంచి రావటం లేదు? ఏ వీధి నీళ్ళు ఉప్పగా మారాయి? ఆ ప్రశ్నను తరవాతి పేజీ మొదట్లో రాసుకుని, కింద తేదీ వెయ్యండి.